కార్డుకు ఇరవై వేల గుడ్లు

ఆ పొద్దున రాళ్ళవాగు మీద ఆకాశం కనిపించలేదు. గోదావరి దిక్కు నుంచి వచ్చిన మంచు అడవి అంచును మింగి, మొక్కజొన్న చేల మీద దిగి, కదలకుండా కూర్చుంది. తెల్లవారిందని కోళ్ళు చెప్పాయి గానీ, ఆ మాట నిజమేనని తేల్చడానికి తూర్పు చాలాసేపు తీసుకుంది. పత్తి ఏరే కూలీల ఆటో ఒకటి లైటు వేసుకుని తండా ముందు నుంచి పినపాక వైపు వెళ్ళింది.

బాలకృష్ణ వాకిట్లో నిలబడి ఆ మంచును చూసి సంతోషించాడు. ఆయన వ్యవసాయ విస్తరణాధికారి. పుట్టింది ఈ తండాలో. ఉద్యోగం కూడా ఈ తండాకూ చుట్టుపక్కల ఊళ్ళకే పడింది. మంచు ఉంటే చలి ఉంటుంది. చలి ఉంటే, లోపల నీళ్ళకుండ పక్కన తడి గోనె కప్పి ఉంచిన థర్మాకోల్ డబ్బాలోని సరుకు సాయంత్రం దాకా నిద్ర లేవదు.

ఆ సరుకు ట్రైకోగ్రామా. పేరు పెద్దది, ప్రాణి చిన్నది. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే ఏనుగులా కనిపిస్తుంది. అదొక జాతి కందిరీగ. మనిషిని కుట్టదు, కుట్టాలనుకున్నా దానికి చేతకాదు. కత్తెర పురుగు మొక్కజొన్న ఆకుల మీద గుడ్లు పెడితే, ఇది వెతుక్కుంటూ పోయి ఆ గుడ్లలో తన గుడ్డు పెడుతుంది. ఆ పైన అందులోంచి పురుగు రాదు, ఇదే వస్తుంది. ఈ ఈగల గుడ్లను అట్టముక్కలకు అంటించి కార్డులుగా ఇస్తారు. పొదగక ముందే ఆ కార్డులను తుంచి ఆకుల అడుగున గుచ్చాలి. అంతే పని. పురుగుమందు అక్కర్లేదు. ఆలస్యమైతే మాత్రం డబ్బాలోనే పుట్టి డబ్బాలోనే చస్తాయి.

డబ్బాలోని కార్డులు అప్పటికే నల్లబడ్డాయి. అంటే మర్నాటి పొద్దుకు పొదుగుతాయి.

బాలకృష్ణ తండ్రి రూప్‌సింగ్ అరుగు మీద కూర్చుని, తన పక్కన ఒక పురుగుమందు సీసా పెట్టుకున్నాడు. మూత తీయలేదు. తీయడానికి సిద్ధంగా ఉన్నట్టు చెయ్యి మాత్రం దాని మీదే ఉంచాడు.

"తెచ్చినవా?"

"తెచ్చిన బాపూ. డబ్బాల ఉన్నయ్."

రూప్‌సింగ్ మెడ చాచి లోపలికి చూశాడు. "డబ్బా చిన్నగుంది."

"పురుగు చిన్నది బాపూ."

"నా చేన్ల పురుగు పెద్దగుంది."

పోయిన యాసంగి పంటకు వాగు పొడుగునా అందరూ పోటీ పడి మందు కొట్టారు. పురుగు కొంత చచ్చింది. వాగులో చేప మొత్తం చచ్చింది. తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలిన పిల్లచేపలను రూప్‌సింగ్ కట్ట మీద నిలబడి చూశాడు. ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో చేపల కూర మాట మాత్రం ఎత్తనివ్వలేదు. కొడుకు మాట విని ఈసారి ఆగడానికి ఆయన ఒప్పుకున్నది అందుకే. ఆ ఒప్పుకోలుకు గడువుంది.

"ఇయ్యాల చీకటి పడేలోపు నీ గుడ్లు నా చేన్ల ఉండాలె. లేకుంటే రేపు పొద్దున నా మందు నా చేన్ల ఉంటది."

"నీ ఒక్క చేన్ల పెడితే లాభం లేదు బాపూ. వాగు పొడుగునా అందరు పెట్టాలె. పక్క చేన్ల భీమ్లా మామ మందు కొట్టిండంటే ఆ గాలికి నీ చేన్లయ్ గుడ సస్తయ్."

"అయితే అందర్ని పిలువు." రూప్‌సింగ్ సీసాను ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "నీ మీటింగులకు ఎంతమంది వస్తరో నాకు ఎరికే."

అది తండాలో అందరికీ ఎరికే. ఊరికీ తండాకూ మధ్య రోడ్డు పక్కన రైతు వేదిక ఉంది. రైతులు కూర్చుని సాగు సంగతులు వినడానికి కట్టిన హాలు. నేల ఆరోగ్యం మీద మొన్న జరిగిన సభకు ఊడ్చే ఆమె వచ్చింది, నీడకోసం ఒక కుక్క వచ్చింది, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి దూలయ్య వచ్చాడు. కుక్క చివరిదాకా ఉంది.

అందుకే బాలకృష్ణ ఈసారి మాట విషయంలో జాగ్రత్తపడ్డాడు. పర్యావరణానికి హాని లేని సాగు మీద విస్తరణాధికారులకు జరిగిన శిక్షణ నుంచి ఆయన నిన్ననే తిరిగొచ్చాడు. అక్కడ పాఠం చెప్పిన పెద్దాయన బల్ల గుద్ది మరీ చెప్పాడు: "శాస్త్రం పేర్లు పలకొద్దు. ట్రైకోగ్రామా అన్నారంటే రైతు ట్రాక్టర్ విడిభాగం అనుకుంటాడు. అతను ఇంట్లో ఏ మాట వాడతాడో మీరూ ఆ మాటే వాడండి." బాలకృష్ణకు ఆ మాట గుండెలో నాటుకుంది. ఫోన్ తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు:

"అందరికి నమస్తే. మక్కలు ఏసిన రైతులకు గుడ్ల కార్డులు వచ్చినయ్. ఎకరానికి రెండు. ఒక్కో కార్డుకు ఇరవై వేల గుడ్లు. పైస కట్టేది లేదు. సాయంత్రం ఎండ తగ్గంగనే రైతు వేదిక కాడికి రాండ్రి. ఇయ్యాలనే తీస్కపోవాలె, లేకుంటే తెల్లారేసరికి పిల్లలయితయ్."

ఒకసారి విని చూసుకున్నాడు. ఒక్క శాస్త్రం ముక్క లేదు. తృప్తిగా పంపించి, ఏ చేనుకు ఎన్ని కార్డులు పడతాయో చూడడానికి వాగు వైపు వెళ్ళాడు. అడవి వారన ఆ చేలల్లో నెమళ్ళు ఉంటాయి, అప్పుడప్పుడు అడవిపందులు ఉంటాయి, ఫోన్ సిగ్నల్ ఉండదు.

ఆ మాటను ఊళ్ళో మొట్టమొదట విన్నది దూలయ్య. రోడ్డు మీద సరళ నడిపే చాయ్ హోటల్లో బల్ల మీద ఫోన్ పెట్టి అందరికీ వినిపించాడు. అర్థం కాని వాళ్ళకోసం మళ్ళీ వినిపించాడు.

"గుడ్ల కార్డు అంటే ఏందన్నా?" సరళ అడిగింది.

"బియ్యం కార్డు అంటే ఏంది?"

"బియ్యం ఇచ్చేది."

"మరింక నన్ను అడుగుతవేంది."

"అవ్ గానీ, మక్కలు ఏసినోళ్ళకే ఎందుకిస్తరు?"

దూలయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆయనకు చేలో పని చేయడం కన్నా చేయడానికి కారణాలు చెప్పడం బాగా వచ్చు. "మన మక్కలు యాడికి పోతయ్?"

"అడ్తికి."

"ఆడికెల్లి?"

"కోళ్ళ ఫారాలకు. దాణాకు."

"దాణా తిన్న కోడి ఏం జేస్తది?"

జవాబు అందరికీ తెలిసిందే.

"దాంట్ల మన వాటా మనకిస్తున్నరు," అని దూలయ్య తీర్పు చెప్పాడు. "ఇన్నేండ్లకు ఎవలికో బుద్ధి పుట్టింది."

హోటల్లో అందరూ ఎవరి ఎకరాలు వాళ్ళు మనసులో గుణించుకుంటున్నారు. ఆ గుణకారంలో సున్నాలు ఎక్కువ కావడం వల్ల ఆలస్యమైంది. దూలయ్యవి మూడెకరాలు. లక్షా ఇరవై వేల గుడ్లు.

"గన్ని గుడ్లు ఏం జేస్తవే?" సరళ అడిగింది.

"తినేటియ్ తింట. బిడ్డ అత్తగారింటికి పంపుత. మిగిలినయ్ పిల్లలైతయ్ అని సారే చెప్పిండు గదా. కానియ్. కోళ్ళ ఫారం పెడ్త."

పది మెట్లు దూరం ఆలోచించేవాడు మొదటి మెట్టు దగ్గరే ట్రాక్టర్ మాట్లాడుకుంటాడు. దూలయ్య పక్క వీధిలో ట్రాక్టర్ కిరాయికి మాట్లాడి, గుడ్లు ఒత్తుకోకుండా ట్రాలీలో మోకాలెత్తు వరిగడ్డి పరిపించాడు. అది చూసినవాళ్ళకు ఇక అనుమానం లేకుండా పోయింది. గడ్డి పరిచిన ట్రాలీ కన్నా గట్టి సాక్ష్యం ఊళ్ళో ఎవరూ అడగరు. మధ్యాహ్నానికి తట్టలు, బుట్టలు, పెళ్ళిళ్ళకు వంట చేసే గుండిగలు వాకిళ్ళలోకి వచ్చాయి.

భీమ్లా దగ్గర బుట్టలు లేవు. ఆయన ఉదయ్ భాస్కర్ దుకాణానికి వెళ్ళాడు. ఉదయ్ భాస్కర్‌ది ఎరువులు, పురుగుమందుల దుకాణం. ఆయన తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. వాగు పక్కన, రూప్‌సింగ్ చేనును ఆనుకుని ఉన్న నాలుగెకరాలు ఆయనవే. వాటిని భీమ్లా కౌలుకు చేస్తున్నాడు. ఉదయ్ భాస్కర్ ప్రతి ఆదివారం మందుల డీలర్ల డిప్లొమా క్లాసుకు కూడా పోతాడు. పంటకు మేలు చేసే పురుగుల గురించి పాఠం జరిగిన ఆదివారం మాత్రం మేనకోడలి నిశ్చితార్థానికి పోయాడు.

"సార్, ఖాళీ అట్టపెట్టెలు ఉన్నయా? పెద్దయ్?"

"ఉన్నాయి. రేపు మందు కొడతానన్నావుగా, సీసాలు కట్టమంటావా?"

"మందు సంగతి రేపు చూద్దాం సార్. ఇయ్యాల గుడ్లు తెచ్చుకోవాలె."

సంగతంతా విన్న ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "భూమి ఎవరిది భీమ్లా?"

"నీదే సార్."

"పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉంది?"

"నీ పేరు మీదనే."

"మరి ఎకరానికి రెండు అంటే, ఎవరి ఎకరానికి?"

భీమ్లా తీసుకున్న అట్టపెట్టెను మళ్ళీ కింద పెట్టాడు. "ఎకరం నీదే. మక్కలు నాయి. మక్కలు ఏసినోళ్ళకు అని చెప్పిండు, భూమి ఉన్నోళ్ళకు అనలే."

"పెట్టుబడి సాయం నా ఖాతాలోనే పడుతుంది కదా. పట్టాదారు అంటే అర్థం అదే."

"గది నువ్వే తీస్కున్నవ్. నేను నోరు తెరిసిన్నా? ఇప్పుడు గుడ్లు గుడ గావాల్నా సార్?"

"గుడ్డు కోసం కాదు. పద్ధతి కోసం."

"నాకు గుడ్డు కోసమే సార్," అన్నాడు భీమ్లా. "పద్ధతి నువ్వు తీస్కో."

ఉదయ్ భాస్కర్ దుకాణానికి తాళం వేశాడు. యాసంగి సీజనులో పట్టపగలు ఆ దుకాణానికి తాళం పడడం ఎవరూ చూడలేదు. ఇద్దరూ ఒకే మోటారుసైకిల్ మీద, ఒకరితో ఒకరు మాట్లాడకుండా రైతు వేదికకు బయల్దేరారు.

ఈలోగా ఊరూరా కొట్లకు కోడిగుడ్లు వేసే గణేష్ వ్యాను తిప్పుకుంటూ వచ్చాడు. ఏ కిరాణా కొట్టు దగ్గర ఆగినా ఒకటే మాట. "ఇయ్యాల వద్దే. సాయంత్రం మాకే వస్తున్నయ్." గణేష్ మొదట నవ్వాడు. మూడో కొట్టు దగ్గర నవ్వు ఆపాడు. ఊరి చివర గడ్డి పరిచిన ట్రాలీని చూశాక ఆలోచనలో పడ్డాడు. రేపటినుంచి ఈ చుట్టుపక్కల గుడ్డుకు విలువ ఉండదు. అయితే ఇంత గుడ్డు ఇళ్ళలో నిలవ ఉండదు కాబట్టి ఎంతకో అంతకు వదిలించుకుంటారు. ఉన్న సరుకే అమ్ముడుపోని మనిషి, మరింత సరుకు కొనడానికి రైతు వేదిక వైపు వ్యాను తిప్పాడు. దాన్నే వ్యాపారం అంటారు.

అంగన్‌వాడీ టీచరు నిర్మలాదేవి మటుకు వేరే దారిలో ఆలోచించింది. ఊళ్ళోకి ప్రభుత్వం గుడ్లు రావడమంటే ఆమెకు తెలిసిన దారి ఒక్కటే, అది తన సెంటరుకు. ఆమె మండల వ్యవసాయాధికారి ప్రమీలారాణికి ఫోన్ చేసి, "మా పిల్లల గుడ్లు మీ రైతులకు పంచుతున్నరంట, ఏందమ్మా ఈ అన్యాయం," అంది. ప్రమీలారాణి బాలకృష్ణకు ఫోన్ చేసింది. ఫోన్ పరిధిలో లేదని ఫోనే చెప్పింది. ఆమె ఇంకొకసారి చేసి, జీపు తీయమంది.

ఎండ తగ్గే వేళకు బాలకృష్ణ డబ్బాను మోటారుసైకిల్ వెనక కట్టుకుని రైతు వేదిక మలుపు తిరిగాడు. తిరిగి, బండి ఆపేశాడు.

రోడ్డు కనిపించలేదు. ట్రాక్టర్లు, ఆటోలు, ఎడ్లబండి ఒకటి, తట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా ఉన్నారు. హాల్లో కుర్చీలు చాలక కిటికీలు ఎక్కి కూర్చున్నారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి బాలకృష్ణ కన్న కల ఇది. పర్యావరణం మాట వినడానికి ఇంతమంది. శిక్షణలో పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజమనుకున్నాడు.

జనం దారి ఇచ్చారు. ఆయన డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"లారీ వెనకొస్తుందా సార్?" దూలయ్య మర్యాదగా అడిగాడు.

"లారీ దేనికి?"

"గుడ్లకు."

"గుడ్లు దీంట్లనే ఉన్నయ్ దూలయ్యా. అందరికి సరిపోను."

దూలయ్య డబ్బాను చూశాడు. తన ట్రాలీని చూశాడు. గడ్డిని చూశాడు. బాలకృష్ణ మూత తీసి ఒక కార్డు పైకెత్తి పట్టుకున్నాడు. అరచేతి వెడల్పు అట్ట, దాని మీద నల్లటి గరుకు పొర. ముందు వరసలో ఉన్న మేస్త్రీ ఒకాయన వేలితో తడిమి చెప్పాడు.

"ఉప్పుకాయితం ఇది. తలుపులు గీకుతరు."

"కాదు. ఈ నలుసులన్ని గుడ్లే. లెక్కపెడితే ఇరవై వేలు."

ఎవరూ లెక్కపెట్టడానికి ముందుకు రాలేదు. హాల్లో ఆ మాట ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి రోడ్డు మీదికి పోయింది. తట్టలు ఒక్కొక్కటే నెత్తి మీద నుంచి దిగాయి.

"ఇవి పొదిగితే కోడిపిల్లలైతయా?" దూలయ్య ఇంకా ఒక ఆశ మిగుల్చుకున్నాడు.

ఇక్కడ బాలకృష్ణ మళ్ళీ శిక్షణను గుర్తు చేసుకున్నాడు. శాస్త్రం పేరు పలకలేదు. ఇంట్లో మాటే వాడాడు.

"కందిరీగలైతయ్."

అడవి అంచు మనుషులకు కందిరీగ అంటే వివరించి చెప్పనక్కరలేదు. ఇప్పపువ్వు ఏరబోయి, కట్టెలకు పోయి, ఏదో ఒకనాడు ప్రతి ఒక్కరూ ముఖం వాచి ఇంటికొచ్చినవాళ్ళే. కార్డుకు ఇరవై వేల కందిరీగలు, ఎకరానికి రెండు కార్డులు. ఈసారి గుణకారం ఎవరికీ ఆలస్యం కాలేదు.

కిటికీలో ఉన్నవాళ్ళు బయటికి దూకారు. బయట ఉన్నవాళ్ళు వాళ్ళకన్నా ముందు ఉన్నారు. దూలయ్య ట్రాక్టర్ డ్రైవరు వెనక చూడకుండా రివర్స్ తీశాడు. వెనక గణేష్ వ్యాను ఉంది. గుద్దుకున్న చప్పుడు పెద్దగా లేదు. ఆ తర్వాత ట్రేలు ఒకదాని మీదొకటి జారిన చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది.

సరిగ్గా అప్పుడే ప్రమీలారాణి జీపు దిగింది. గుడ్డు సొన రోడ్డుకు అడ్డంగా ఆమె చెప్పుల దాకా వచ్చి ఆగింది.

"నిర్మలాదేవి చెప్పింది నిజమేనన్నమాట," అని ఆమె తనలో తాను అనుకుంది. పైకి, "ఏంటి బాలకృష్ణా ఇది?" అంది.

జనం వెనకే బయటికి వచ్చిన బాలకృష్ణ చుట్టూ చూశాడు. పొద్దు అడవి మీదికి వాలింది. ఎండ తగిలిన డబ్బాలో ఒకటీ అరా ఈగలు అప్పుడే లేస్తున్నాయి. జనం రోడ్డవతల తుమ్మచెట్ల దాకా పోయి నిలబడ్డారు. వాళ్ళ వెనక, వాగు దారిలో, చేతిలో మందు సీసాతో రూప్‌సింగ్ నడిచొస్తున్నాడు. ఇంకో ఘడియ పోతే ఈ గుడ్లు ఎవరికీ పనికిరావు. రేపు పొద్దున వాగు పొడుగునా మందు ట్యాంకులు లేస్తాయి.

"మేడం, జర ఆగండ్రి," అన్నాడు బాలకృష్ణ. ఎందుకు ఆగమన్నాడో ఆయనకే తెలియదు.

అప్పుడు హాల్లోంచి మాటలు వినిపించాయి.

"వదులు భీమ్లా."

"నువ్వొదులు సార్."

ఊరంతా ఉరికింది గానీ ఇద్దరు ఉరకలేదు. బల్ల దగ్గర, నాలుగెకరాల వాటా కార్డులను ఒక కొస ఉదయ్ భాస్కర్, ఒక కొస భీమ్లా పట్టుకుని నిలబడ్డారు. కందిరీగలన్న మాట ఇద్దరూ విన్నారు. ఇద్దరికీ భయంగానే ఉంది. అయితే ముందు వదిలినవాడికి ఆ చేను మీద హక్కు లేదని ఊరందరి ముందూ ఒప్పుకున్నట్టవుతుంది. అంతకన్నా కందిరీగలే నయమని ఎవరికి వాళ్ళు నిర్ణయించుకున్నారు.

"ఇవి గుడ్లు కావు సార్. నీకేం పని వీటితోని?"

"నీకేం పనో నాకూ అదే పని."

"కుట్టినంక తెలుస్తది."

"కుడితే ఇద్దరినీ కుడతాయి. సగం సగం."

వెచ్చటి చేతుల్లో ఉండేసరికి కార్డు మీది ఈగలు లేవడం మొదలుపెట్టాయి. నలుసుల్లాంటివి ఉదయ్ భాస్కర్ మణికట్టు మీద పాకాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. భీమ్లా మూసుకోలేదు, వంగి చూశాడు.

తుమ్మల దగ్గర నుంచి దూలయ్య కేకేశాడు. "కుడ్తున్నయా?"

"లేదు," అన్నాడు భీమ్లా. "చక్కిలిగిలి పెడ్తున్నయ్."

"మరి ఆయనెందుకు వదుల్తలేడు?"

ఆ ప్రశ్న జనంలో నిలబడిపోయింది. అందరూ ఉదయ్ భాస్కర్‌ను చూశారు. పాతికేళ్ళుగా దుకాణం నడుపుతున్న మనిషి. పనికిరాని వస్తువు మీద ఆయన చెయ్యి వేసిన రోజు ఎవరికీ గుర్తులేదు. అలాంటి మనిషి దుకాణానికి తాళమేసి వచ్చి, కళ్ళు మూసుకుని మరీ ఆ ఉప్పుకాయితాన్ని పట్టుకున్నాడు.

"దాంట్ల ఏదో ఉంది," అన్నాడు దూలయ్య నెమ్మదిగా. "మనల్ని భయపెట్టి అన్ని ఆయనే కొట్టేసేటట్టున్నడు." తర్వాత గట్టిగా, "సార్, నాయి మూడెకరాలు. నా ఆరు కార్డులు నాకియ్యి."

"నాయి రెండున్నర," అని ఇంకొకరు రోడ్డు దాటారు. "అర ఎకరానికి ఒకటి వస్తది గదా?"

ఉరికిన జనం ఉరికినంత వేగంగానే తిరిగొచ్చారు. ప్రమీలారాణికి విషయం ఆలస్యంగా అర్థమైంది, అర్థమయ్యాక ఆమె ఆలస్యం చేయలేదు. ఫోన్ తీసి ఉదయ్ భాస్కర్ ముందు నిలబడింది.

"పురుగుమందుల డీలరు స్వయంగా వచ్చి, మందు మానేసి మిత్ర పురుగులను పొలంలో వదలడం. మన మండలంలో ఇదే మొదలు భాస్కర్ గారూ. క్లాసులో చెప్పింది ఇలా ఆచరణలో పెట్టాలి. ఇటు చూడండి."

ఉదయ్ భాస్కర్ కళ్ళు తెరిచాడు. అవి మిత్ర పురుగులని ఆయనకు అప్పుడే తెలిసింది. మందు మానేయడమన్న మాట కూడా అప్పుడే విన్నాడు. చేతిలో కార్డు ఉంది, ఎదురుగా ఫోన్ ఉంది, చుట్టూ తన గిరాకీలందరూ ఉన్నారు.

"అవునండి," అన్నాడు.

ఫోటోలోకి ఇంకొక చెయ్యి వచ్చింది. రూప్‌సింగ్ వచ్చి, మందు సీసాను ఉదయ్ భాస్కర్ రెండో చేతిలో పెట్టాడు.

"వాపస్. మూత తియ్యలే."

ఆ ఫోటో చీకటి పడకముందే అన్ని గ్రూపుల్లోకీ పోయింది.

కార్డులు ఆకులకు గుచ్చడానికి స్టేప్లర్ ఒక్కటే ఉంది. అది కూడా మేడం సంచీలోది, మూడో కార్డుకు మొరాయించింది. బాలకృష్ణ తల్లి సక్రి ఇంటికి పోయి, విస్తర్లు కుట్టే పుల్లల కట్ట తెచ్చి అందరికీ పంచింది. విస్తరి కుట్టడం రాని చెయ్యి ఆ తండాలో లేదు. ఆడవాళ్ళు ఒక వరస, మగవాళ్ళు ఒక వరస వాగు పొడుగునా చేలలోకి దిగారు. ఆకు తిప్పడం, ముక్క పెట్టడం, పుల్ల గుచ్చడం. మొక్కజొన్న లేనివాళ్ళు కూడా వచ్చినందుకు ఏదో ఒకటి చేసి పోదామని దిగారు. ఇస్త్రీ బట్టల్లో ఉన్న ఉదయ్ భాస్కర్ తన చేను గట్టు మీద నిలబడి చూస్తుంటే, భీమ్లా పుల్లల పిడికిలి ఆయన ముందు చాపాడు.

"సగం సగం అన్నవ్ గద సార్. ఆ సగం నువ్వు గుచ్చు."

ఆయన ప్యాంటు మడిచి దిగాడు.

దూలయ్య తన ఆరు కార్డులూ పెట్టి, పక్కవాడికి వివరించాడు. "నాకు పొద్దున్నే తెలుసు. ఇంత ఊరికే కోడిగుడ్లు ఎవలిస్తరు?"

అడవి మీద వెలుగు పోతుండగా ఆఖరి ముక్క రూప్‌సింగ్ చేలో పడింది. పెట్టింది రూప్‌సింగే. ఆకును మళ్ళీ సరిగ్గా తిప్పి, కొడుకు వైపు చూశాడు. వాగులోకి దిగి కాళ్ళు కడుక్కుని, కొంచెంసేపు నీళ్ళలోకే చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి రైతు వేదికకు వచ్చేసరికి గణేష్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పగిలిన ట్రేలు. "పగిలినయ్ నేనేం చేసుకుంట," అన్నాడు ఎవరితో కాకుండా. "ఇయ్యాల వద్దన్నరు గదా అందరు. ఇగ తినుండ్రి."

ఊళ్ళోంచి వచ్చిన గుండిగలు ఎలాగూ ఉన్నాయి. సరళ ఉల్లిగడ్డలు కోసింది, సక్రి పొయ్యి రాజేసింది. దూలయ్య ట్రాలీలోని గడ్డి మంట అంటించడానికీ ఉపయోగపడింది, కూర్చోవడానికీ ఉపయోగపడింది. పగిలిన గుడ్లు ఉడకబెట్టే వీలు లేదు కాబట్టి ఉల్లిగడ్డ కారంతో పొరటు చేశారు. మోదుగాకు విస్తర్లలో అన్నం, అన్నం పక్కన పొరటు. మేడం, పిల్లల గుడ్ల సంగతి తేల్చుకోవడానికొచ్చిన నిర్మలాదేవి, గణేష్, ఊరు, తండా, అందరూ ఒకే బంతిలో కూర్చున్నారు. ఆకలి ఎంత ఉందంటే దూలయ్య కూడా మాట్లాడలేదు. రూప్‌సింగ్ తన విస్తరిలోది కొంచెం కొడుకు విస్తరిలోకి జరిపాడు. విస్తరి మీద వేళ్ళు కదిలే చప్పుడు, అవతల చీకట్లో వాగు పారే చప్పుడు, అంతే.

భీమ్లాకూ ఉదయ్ భాస్కర్‌కూ విస్తర్లు తక్కువపడి ఒక్కటే వచ్చింది. పొరటు కావడం వల్ల సగం సగం చేయడానికి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.